కర్ర ఎవరి చేతిలో

నేల ఇంకా దిగువనే ఉండగా, గుల్వెన్ అరచేతిలో విమానం నడిపే కర్ర వెనక్కి జరిగింది.

తను లాగలేదు. లాగబోతున్నాడు, ఇంకొక్క రెప్పపాటు ఆగి లాగుదామనుకున్నాడు. ఈలోపే అది కదిలింది. వద్దన్నట్టు ముందుకు నొక్కాడు. విమానం ముక్కు పైకి లేవబోయి, మనసు మార్చుకున్నట్టు కిందికి వాలి, చక్రాల మీద దభీమని పడింది. ఎగిరింది. మళ్ళీ పడింది. తల మీద గొడుగులా పరుచుకున్న రెక్క గడగడా ఊగింది.

చెవికి తగిలించిన రబ్బరు గొట్టంలోంచి గొంతు వినిపించింది. "ఎవడు లాగమన్నాడు నిన్ను?"

ఆ గొట్టంలో మాట ఒకవైపే నడుస్తుంది. ముందు సీట్లో శిక్షకుడు అడ్జుదాన్ రుకేత్ చెబుతాడు, వెనక సీట్లో శిష్యుడు గుల్వెన్ కల్వెజ్ వింటాడు. బదులు చెప్పాలంటే ఇంజన్ ఆగాలి. ఆగేసరికి చెప్పాలనుకున్నది గొంతులోనే ఎండిపోయి ఉంటుంది.

రుకేత్ తోలు తొడుగులు వేసుకున్న రెండు చేతులూ గాలి అద్దం పైకెత్తి చూపించాడు. ప్రతిసారీ చూపిస్తాడు. "ఇవిగో నా చేతులు. నేల తాకేటప్పుడూ ఇక్కడే ఉన్నాయి. మరి లాగినవాడెవడు? మీ ఊరి దయ్యమా?"

నిజమే, ఉన్నాయి. దిగుతున్నంతసేపూ గుల్వెన్ ఆ చేతుల్నే చూశాడు. ఒక మనిషి రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి పెట్టుకుంటే కర్ర లాగింది తనే అయ్యుండాలి. తనకు తెలియకుండా తన చెయ్యే ఆ పని చేస్తోందంటే, ఆ చేతిని నమ్మేదెలా?

విమానాన్ని షెడ్డు ముందుకు నడిపించి ఇంజన్ ఆపాడు. పంకా రెండు మూడు తిప్పులు తిరిగి నిలిచిపోయింది. ఒక్కసారిగా వచ్చిపడిన నిశ్శబ్దంలో భరతపక్షుల అరుపులు వినబడ్డాయి. షాంప్రూ మైదానం నిండా వసంతకాలంలో అవే.

రుకేత్ రెక్క కింది కమ్మీ పట్టుకుని దిగాడు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, మీసంలో నెరుపు. గుల్వెన్ మొహం చూడకుండా చేతి తొడుగులు విప్పుకుంటూ అన్నాడు. "శనివారం కాప్టెన్ ఫాబ్రెగ్ పేర్లు చూస్తారు. నీ గురించి ఏం చెప్పమంటావు?"

"నేను లాగలేదు, సార్."

"అయితే విమానానికే బుద్ధి లేదంటావు."

"అలా కాదు సార్. నా చేతిలో అది తనంతట తనే..."

"కల్వెజ్," అన్నాడు రుకేత్ మెల్లగా, "చెయ్యి తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. తప్పు చేసి చెయ్యలేదనేవాడిని నేను దిద్దలేను. వెళ్ళి టీ తాగు."

తరువాతి వంతు రెమీ దాల్మాది. గడ్డిలో పడుకుని పుల్ల నములుతున్నవాడు లేచి, బట్టలు దులుపుకుంటూ వచ్చాడు. రుకేత్ వాడితో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఇద్దరిదీ దక్షిణాదిన ఒకే కొండ ప్రాంతం, వాళ్ళ యాసకు ఫ్రెంచి భాషకూ చుట్టరికం ఉందో లేదో అనిపిస్తుంది. గుల్వెన్‌కు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. ఉత్తరాన సముద్రం ఒడ్డున నాచు ఏరి, ఎండబెట్టి, గోతుల్లో కాల్చే కుటుంబం వాడిది. బడిలో సొంత భాష మాట్లాడితే శిక్షగా మెడలో చెక్కముక్క వేలాడదీసిన రోజులు వాడికింకా గుర్తే. ఇక్కడ మాత్రం ఆ అడ్జుదానూ ఈ దాల్మా సొంత భాషలో నవ్వుకుంటే అడిగేవాడు లేడు.

దాల్మా విమానాన్ని గాలిలోకి లేపాడు. చదును మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగి, పడమట పోప్లార్ చెట్ల వరస మీదుగా వంగి, గడ్డిమీదికి వచ్చాడు. వెన్నమీద కత్తి దిగినట్టు దిగింది విమానం. చక్రాలు ఎక్కడ తాకాయో కూడా తెలియలేదు. ముందు సీట్లో రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి.

గుల్వెన్ చూస్తూ నిలబడ్డాడు. రుకేత్ శిష్యులు ముగ్గురిలో ఒకరి పేరు కొట్టేస్తారని బారకాసుల్లో అందరికీ తెలుసు. ఆ ఒక్కరు ఎవరవ్వాలో ఎవరో ముందే అనుకున్నారేమోనన్న పురుగు ఆ క్షణంలోనే తొలవడం మొదలుపెట్టింది.

రెండో రోజు వాన పట్టుకుంది. మబ్బు షెడ్డు కప్పును ఆనుకుని నిలబడింది. ఎగరడం లేదన్నారు. మిగతావాళ్ళు పొయ్యి చుట్టూ చేరి పేకాటలో పడ్డారు. గుల్వెన్ గోడవారగా నడిచి షెడ్డులోకి వెళ్ళాడు. ఎందుకు వెళ్తున్నాడో అప్పటికి తనకే సరిగ్గా తెలియదు. తీగ ఏదైనా వదులుగా ఉందేమో, మలుపు దగ్గర పట్టేస్తోందేమో చూడాలని మాత్రం ఉంది. ఎవరైనా కావాలని చేశారేమో అన్న మాట మనసులోకి వస్తే దాన్ని పక్కకు నెట్టాడు, అది మళ్ళీ వచ్చింది.

విమానం చుట్టూ తిరిగాడు. తోక దగ్గర పలకను చేత్తో ఎత్తి దించాడు. మెత్తగా కదిలింది. వెనక సీటులోకి వంగి కర్రను నలువైపులా తిప్పాడు. ఎక్కడా పట్టేయలేదు. తప్పు దొరకకపోయేసరికి ఊరట కలగాల్సింది పోయి, ఇంకా చిరాకేసింది. కమ్మీ మీద కాలేసి ముందు సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు.

శిష్యులెవ్వరూ అందులో కూర్చోరు. సీటు కిందికి దించి ఉంది. తోలు వాసన, పెట్రోలు వాసన. రెండు కాళ్ళ మధ్య కర్ర. వెనక సీట్లో ఉన్నదానికి ఇది జంట. ఇది కదిలితే అదీ కదులుతుంది. గుల్వెన్ రుకేత్‌లాగే రెండు చేతులూ గాలి అద్దం పైకి ఎత్తాడు. అలా చేతులెత్తి కూర్చుంటే నడుం నిలవదు. ఒరిగిపోకుండా ఉండడానికి తొడలు వాటంతట అవే దగ్గరికి వచ్చాయి. మోకాళ్ళు రెండూ కర్రకు చెరోవైపూ ఆనాయి.

అలాగే ఉండిపోయాడు. మోకాళ్ళను తనవైపు కొద్దిగా లాక్కున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీట్లో కర్ర, ఎవరూ పట్టుకోకుండానే, వెనక్కి వాలింది.

"దిగు."

కింద మెకానిక్ సార్జెంటు పెరోతాన్ నిలబడి ఉన్నాడు, చేతిలో రెంచి.

"చేతులు నాకు కనబడేటట్టు పెట్టి దిగు. ఏం చేస్తున్నావు అందులో?"

గుల్వెన్ దిగాడు. పెరోతాన్ వాడి జేబులు తడిమాడు. సిగ్గుపడకుండా, తొందరపడకుండా తడిమాడు. రుమాలు, సగం కాల్చిన సిగరెట్టు. వాటిని తిరిగి ఇచ్చేశాడు. తరువాత సీట్లోకి వంగి తీగలు ఒక్కొక్కటే వేలితో లాగి చూశాడు. కర్ర అడుగున చూశాడు. ఆ వెతుకుతున్న తీరు చూశాక తను ఎలా కనబడుతున్నాడో గుల్వెన్‌కు తెలిసింది. పేరు పోబోతున్నవాడు, వాన పూట, ఒంటరిగా, గురువు సీట్లో. తనే అయినా అనుమానించేవాడు.

"రేపు ఇందులో మనుషులు ఎగరాలి," అన్నాడు పెరోతాన్. "నువ్వేం చేశావో చెప్పు. తరువాత చెప్పినా ఉపయోగం ఉండదు."

"చేతులెత్తి కూర్చున్నాను. అంతే." గుల్వెన్ గొంతు తగ్గించాడు. "సార్జెంటు గారూ, అడ్జుదాన్ కర్రను మోకాళ్ళతో పట్టుకుంటారా?"

పెరోతాన్ రెంచిని గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"శిక్షకుడి మోకాళ్ళు కర్ర పక్కన కాక ఇంకెక్కడ ఉంటాయి?"

"పక్కన ఉండటం వేరు."

బయట వాన రేకుల మీద గట్టిగా కొట్టింది. ఆయన షెడ్డు తలుపు వైపు ఒకసారి చూశాడు. "ఆ పోప్లార్ చెట్ల దగ్గర పోయిన ఏడు ఒక కుర్రాడు కూలాడు. తెలుసుగా. ముందు సీట్లో ఎవరున్నారో కూడా తెలుసా?"

గుల్వెన్‌కు తెలియదు.

"ఆయనే. కాలర్ ఎముక విరిగిందంతే. కుర్రాడు పోయాడు. అప్పట్నుంచీ ఆయన ప్యాంట్లు మా ఆవిడ దగ్గరికి అతుకుకు వస్తున్నాయి. మోకాళ్ళ లోపలివైపు. బయటివైపు బాగానే ఉంటాయి." రెంచి జేబులో పెట్టుకున్నాడు. "నేనేం చెప్పలేదు. నువ్వు ఇక్కడికి రాలేదు. పో."

బారకాసులకు తిరిగి వస్తుంటే గుల్వెన్‌కు కోపం కన్నా ముందు సంతోషం కలిగింది. చెయ్యి తనదే, చెయ్యి మంచిదే. తరువాత కోపం వచ్చింది. అయితే అంతా కావాలనే. వాళ్ళ ఊరివాడికి చోటు చెయ్యడానికి తన కర్ర లాగి, తన మీదే తప్పు తోసి, పైగా చేతులెత్తి చూపించి నాటకం. శనివారం కాప్టెన్ ముందు నిలబడి ఏం చెప్పాలో ఒక్కో మాట పేర్చుకుంటూ తడిసిన బూట్లతో బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మసూరు పప్పులాంటి ఆకుపచ్చ పప్పు, పంది కొవ్వు ముక్కలు, నీళ్ళు కలిపిన ఎర్ర ద్రాక్షసారా. దాల్మా ఎదురుగా కూర్చుని రొట్టె తుంచుకుంటున్నాడు.

"రేపు ఒంటరిగా పంపిస్తున్నాడ్రా నన్ను," అన్నాడు. "వాన తగ్గితే పొద్దున్నే. నువ్వు మొహం అలా పెట్టకు. నీకూ వస్తుందిలే. ఎప్పటికైనా."

"నువ్వు దిగేటప్పుడు ఏం చేస్తావు?" గుల్వెన్ అడిగాడు.

"ఏం చేస్తానా?"

"కర్రతో. చివర్లో."

దాల్మా నవ్వాడు. "నీ తప్పే అది. ఏదో చెయ్యాలనుకుంటావు. బురదలో నాచు బండి లాగుతున్నట్టు కర్రతో కుస్తీ పడతావు. నేనా? పిల్లతో నాట్యం చేస్తూ చిటికెన వేలు పట్టుకున్నట్టు పట్టుకుంటాను. అది ఎటు పోతే అటు పోతాను. దానికే తెలుసు ఎప్పుడు రావాలో."

గుల్వెన్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం నుంచీ పేర్చుకున్న మాటలన్నీ కూలిపోయాయి. రుకేత్ తన కర్ర ఒక్కటే లాగటం లేదు. అందరిదీ లాగుతున్నాడు. తన చెయ్యి ఆ మోకాళ్ళకు అడ్డం పడుతోంది, అందుకే విమానం గెంతుతోంది. వీడి చెయ్యి అడ్డం పడటం లేదు, అందుకే వెన్నలా దిగుతోంది. ఇన్ని వారాలుగా దాల్మా ఒక్కసారి కూడా విమానాన్ని దింపలేదు. ఆ సంగతి వీడికి తెలియదు. రేపు ముందు సీటు ఖాళీగా ఉంటుంది.

"రెమీ, రేపు వెళ్ళకు."

"ఏంటీ?"

"ఇంకో రోజు అడుగు. ఆయన మోకాళ్ళతో పట్టుకుంటున్నాడురా. నీ దిగడం నీది కాదు." చూసిందంతా చెప్పాడు, పెరోతాన్ మాట ఒక్కటి తప్ప.

దాల్మా వింటున్నంతసేపూ రొట్టె ముక్కతో పళ్ళెం తుడుస్తూనే ఉన్నాడు. తుడవడం అయ్యాక తలెత్తాడు. మొహంలో నవ్వు లేదు. "నీ పేరు పోతోంది. అందుకని నాది కూడా ఆపాలని చూస్తున్నావు. ఇంకా మంచి అబద్ధం ఏదైనా ఆలోచించుకోవాల్సింది."

"అబద్ధం కాదు."

"ఆయన సీట్లో దూరావన్నమాట. ఎవరూ లేనప్పుడు." దాల్మా లేచి నిలబడ్డాడు. "రేపు నేను ఎక్కేముందు పెరోతాన్‌ని అడిగి తీగలన్నీ చూపించుకుంటాను. నువ్వేం చేశావో దేవుడికి తెలియాలి."

పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పి చూశారు. గుల్వెన్ చూపు పళ్ళెంలోకి దించుకున్నాడు. వాడన్నదాంట్లో ఎంతో కొంత నిజం లేకపోలేదని, మధ్యాహ్నమంతా వీడు పడిపోతే బాగుండుననే తను అనుకున్నాడని, పప్పు చల్లారిపోయేదాకా కూర్చుని ఆలోచించాడు.

పొద్దున్నే మబ్బు విడిపోయింది. మైదానం మీంచి ఆవిరి లేస్తోంది. విమానాన్ని బయటికి తోసి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టారు. దాల్మా పెరోతాన్‌ని పక్కన పెట్టుకుని తోక దగ్గర ఒక్కో తీగా చూస్తున్నాడు. పెరోతాన్ మాట్లాడకుండా చూపిస్తున్నాడు. కాప్టెన్ ఫాబ్రెగ్ కూడా వచ్చాడు. మొదటిసారి ఒంటరిగా ఎగిరేవాడిని చూడటం ఆయనకు అలవాటు. దూరంగా చెక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

రుకేత్ షెడ్డు గోడ నీడలో సిగరెట్టు చుట్టుకుంటున్నాడు. గుల్వెన్ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"సార్, దాల్మాని ఒంటరిగా పంపకండి."

"ఏమన్నావు?"

"మీరు కర్రను మోకాళ్ళతో పట్టుకుంటున్నారు. నాది పట్టుకుంటున్నారు, వాడిదీ పట్టుకుంటున్నారు."

రుకేత్ వేళ్ళలో కాగితం ఆగింది. "ఎవడు చెప్పాడు? పెరోతానా?"

"ఎవరూ చెప్పలేదు. ముందు సీట్లో కూర్చుని చూశాను."

"నా సీట్లో."

"అవును సార్."

"రేపు శనివారమని తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలుసు. నా పేరు కొట్టేయమనండి. నేనడిగేది దాని గురించి కాదు."

"వాడు దిగడం నువ్వు చూడలేదా? ఈ బడిలో అంత శుభ్రంగా దిగేవాడు ఇంకొకడున్నాడా?"

"చూశాను సార్. ఆ దిగడం మీది."

పొగాకు పొడి కాగితంలోంచి రాలి రుకేత్ బూటు మీద పడుతోంది. ఆయన దాన్ని చూడటం లేదు. గుల్వెన్ భుజం మీదుగా దూరంగా ఎక్కడో చూస్తున్నాడు. అటువైపు ఆ చెట్లున్నాయి. గుల్వెన్ దెబ్బ పడుతుందేమో అనుకున్నాడు. కేక కోసం ఎదురుచూశాడు. ఆయన మొహంలో ఉన్నది కోపం కాదని తెలియడానికి కొంతసేపు పట్టింది. ఆ మనిషికి ఈ సంగతి ఇప్పటిదాకా నిజంగానే తెలియదేమో. తెలిసినా తనకు తాను చెప్పుకోలేదేమో. ప్రతిసారీ చేతులెత్తి చూపించింది శిష్యుడికి కాదు, తనకే.

కాగితం చించి పారేశాడు. "వెళ్ళి ఎక్కు," అన్నాడు. "నువ్వు. వెనక సీట్లో."

దాల్మా అప్పటికే తోలు టోపీ పెట్టుకుని ఉన్నాడు. రుకేత్ వాడిని చేత్తో పక్కకు జరిపి, యాసలో కాకుండా మామూలు ఫ్రెంచిలో, "ఆగు" అన్నాడు. దాల్మా అప్పుడు చూసిన చూపు గుల్వెన్‌కు చాలాకాలం గుర్తుంది.

లేచారు. చుట్టు తిరిగారు. గొట్టంలో ఒక్క మాట లేదు. చెట్ల వరస దగ్గరికి వచ్చి, ఇంజన్ తగ్గించగానే గాలి తీగల మధ్య ఈలవేయడం మొదలైంది. రుకేత్ రెండు చేతులూ పైకెత్తాడు. ఆ తరువాత ఇంతకుముందెన్నడూ చెయ్యని పని చేశాడు. సీట్లో నడుం మెలితిప్పి పక్కకు ఒరిగాడు. మోకాళ్ళు రెండూ కలిపి కుడి గోడకు ఆనించుకున్నాడని ఆ వీపు వాలు చూస్తే అర్థమైంది.

గుల్వెన్ చేతిలో కర్ర ఒక్కసారిగా తేలికైపోయింది.

ఇన్నాళ్ళూ కర్ర బరువే అంత అనుకున్నాడు. ఇప్పుడది పక్షి ఈకలా ఉంది. అవతల ఎవరూ లేరు. కోరుకున్నది ఇదే అయినా, ఆ క్షణం వాడికి కలిగింది భయమే. గెలుపన్న ఊహే రాలేదు. పట్టుకో, ఎవరో ఒకరు పట్టుకోండి అని అరవాలనిపించింది. నేల పైకి వస్తోంది. గడ్డి పోచలు విడివిడిగా కనబడుతున్నాయి. లాగాడు. కుస్తీకి అలవాటైన చెయ్యి ఎక్కువే లాగింది. విమానం మళ్ళీ పైకి లేచి, గాలిలో వేలాడింది, వేగం చచ్చిపోతోంది. ముందు సీట్లో రెండు చేతులూ కిందికి దిగడం చూశాడు. సగం దాకా దిగాయి. అక్కడ అద్దం అంచును పట్టుకున్నాయి. తోలు తొడుగుల్లో వేళ్ళు బిగుసుకున్నాయి. లోపలికి పోలేదు.

గుల్వెన్ కర్రను కాస్త ముందుకు వదిలాడు, ఇంజన్ కొద్దిగా పెంచాడు, ఆగాడు, మళ్ళీ లాగాడు, ఈసారి చిన్నగా. ఒక చక్రం తాకింది. రెండోది తాకింది. తోక దిగింది. వంకరగా పరిగెత్తి, గడ్డిలో ఆగింది.

షెడ్డు ముందు దాల్మా గట్టిగా నవ్వుతున్నాడు. "ఇంతకన్నా దరిద్రంగా దిగడం నేనెప్పుడూ చూడలేదు." కాప్టెన్ కూడా కుర్చీలోంచి లేచి వచ్చాడు, కనుబొమలు ముడివేసుకుని.

రుకేత్ దిగడానికి చాలాసేపు తీసుకున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. నేల మీద కాలు పెట్టాక రెక్క కమ్మీని వదల్లేదు.

"కాప్టెన్ గారూ, ఇతన్ని ఒంటరిగా పంపవచ్చు," అన్నాడు. "దాల్మాని పంపకూడదు. వాడితో మీరు ఒకసారి ఎగిరి చూడండి, కర్ర ముట్టుకోకుండా. వాడి తప్పు లేదు. వాడికి నేను నేర్పలేదు. ఎవరికీ నేర్పలేదు, ఆ ప్రమాదం తరువాత."

కాప్టెన్ ఆయన్ని చూశాడు, గుల్వెన్‌ను చూశాడు. "ఇప్పుడు నేను చూసిన దాన్నే మెచ్చుకోమంటున్నావా, రుకేత్?"

"అది అతనిదే, సార్. మంచిదో చెడ్డదో, పూర్తిగా అతనిదే."

కాప్టెన్ టోపీ తెప్పించుకుని ముందు సీట్లోకి ఎక్కాడు. దాల్మా వెనక ఎక్కాడు, దవడ బిగించి. అందరూ గడ్డిలో నిలబడి చూశారు. లేవడం బాగానే లేచారు. చెట్ల మీద వంపు బాగానే తిరిగారు. దిగడానికి ముక్కు వంచాక, అది ఎత్తాల్సిన చోట ఎత్తుకోలేదు. నేల దగ్గరికి వస్తున్నకొద్దీ ఆ విమానం ఎవరో తనను పట్టుకుంటారని ఎదురుచూస్తున్నదానిలా అలాగే సూటిగా వస్తోంది. పెరోతాన్ చేతిలోని గుడ్డను పిండేస్తున్నాడు. చిట్టచివర ఇంజన్ ఒక్కసారి గర్జించింది, చక్రాలు గడ్డిని గీరుకుంటూ మళ్ళీ పైకి లేచాయి. రెండో చుట్టులో దింపింది కాప్టెనే అని చూస్తున్న ప్రతివాడికీ తెలిసిపోయింది.

రుకేత్ అది చూడలేదు. అప్పటికే కార్యాలయం వైపు నడిచిపోతున్నాడు.

మధ్యాహ్నం కాప్టెన్ గుల్వెన్‌తో తను ఎగిరి, దిగి, వాడిని ఒంటరిగా పంపాడు. గుల్వెన్ వెళ్ళివచ్చాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కమ్మీ పట్టుకుని సాయంగా దింపింది పెరోతాన్ ఒక్కడే. దాల్మా పేరు కొట్టేయలేదు. మరో శిక్షకుడి దగ్గర మొదటినుంచీ నేర్చుకోమన్నారు. రుకేత్ తనే అడిగి సామాన్ల గిడ్డంగికి వెళ్ళిపోతున్నాడని సాయంత్రానికి తెలిసింది. గుల్వెన్ వెతుక్కుంటూ వెళితే, ఆయన పెట్టె సర్దుకుంటున్నాడు.

"నాతో ఏం మాట్లాడాలని వచ్చావు?" అన్నాడు తలెత్తకుండా.

"తెలియదు సార్."

"అయితే మాట్లాడకు." చొక్కా మడత పెట్టి, నచ్చక విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. "ఆ కుర్రాడు కూడా నీలాగే గట్టిగా పట్టుకునేవాడు. ఆ రోజు వాడు లాగుతున్నాడు, లాగనియ్యి, నేర్చుకుంటాడు అనుకున్నాను. వదిలేశాను." పెట్టె మూత వేశాడు. "ఇవాళ నువ్వు వేలాడావు చూడు, గాలిలో. అప్పుడు కూడా అంతే."

గుల్వెన్ చేతులు జేబుల్లోంచి తీసి నిటారుగా నిలబడి వందనం చేశాడు. రుకేత్ బదులు వందనం చెయ్యలేదు, తల ఊపాడు.

భోజనాల గదిలోకి గుల్వెన్ వెళ్ళేసరికి మాటలు తగ్గాయి. ఆయన్ని పట్టించిందెవరో అందరికీ తెలిసిపోయింది. తనకు ఉపయోగం ఉండబట్టే పట్టించాడని సగం మంది అనుకుంటున్నారు. ఆ సగం మందికి తను ఏం చెప్పగలడు? తనకే పూర్తిగా తెలియదు. ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. ఎదుటి చోటు ఖాళీ. దాల్మా పళ్ళెం తీసుకుని పక్క బల్లకు మారాడు, వీపు ఇటు తిప్పి.

ఆ బల్ల మీద రొట్టెల బుట్ట లేదు. కాసేపటికి దాల్మా చెయ్యి బల్ల మీద అటూ ఇటూ తడిమింది. గుల్వెన్ తన బుట్టను బల్ల చివరిదాకా జరిపాడు. దాల్మా వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపి, ఒక రొట్టె తీసుకుని, రెండుగా విరిచి, ఆబగా తినడం మొదలుపెట్టాడు. పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేడు. ఆ నమలడం గుల్వెన్‌కు ఇక్కడిదాకా వినబడుతోంది. వింటూ తన చెంచా తీసుకున్నాడు.